యంత్రము వచ్చెను, దారి రాలేదు

శ్రీకాకుళము జిల్లా ఈశాన్యపు కొసలో ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల భూభాగమును ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే జనుల నోట నాని ఉద్దానమైనదని పెద్దల వాడుక. కొబ్బరి, జీడిమామిడి, పనస - ఈ తోటల నీడలో ఊళ్లకు ఊళ్లు దాగియుండును. రైలులో పోవువానికి కిటికీనుండి అది నందనవనమే. ఆ నీడలోనే మూడు దశాబ్దములుగా మూత్రపిండములు మెల్లమెల్లగా కుంచించుకొనిపోవు వ్యాధియొకటి ఇల్లిల్లు తిరుగుచున్నది. పెక్కుమందికి మధుమేహము లేదు, మొదట రక్తపుపోటు లేదు, కాళ్లవాపును లేదు. ఒంట్లో నలతగా నున్నదని రక్తపరీక్ష చేయించుకొనునాటికే చేటు చాలవరకు జరిగిపోయి యుండును. నీరా, నేలా, ఎండలోని చాకిరియా, పురుగుమందులా, వంశగుణమా యని పండితులు పరిశోధించుచునే యున్నారు, ఏకాభిప్రాయమునకు రాలేదు. ఆ చర్చను వారికే విడిచెదము. కారణము తేలువరకు రోగి దినము గడుపుట యెట్లన్నదియే నేటి మా ప్రశ్న.

ఏమియు జరుగలేదనుట న్యాయము గాదు. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ మొదలిడిన మూడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. ఒకప్పుడు రక్తశుద్ధికై విశాఖపట్టణమునకు రైలెక్కవలసిన రోగికి నేడు పలాసలో, సోంపేటలో, కవిటిలో డయాలిసిసు యంత్రములు గలవు. 2019లో డయాలిసిసు రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలకు హెచ్చినది. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. ఏ పక్షమువారు చేసినను మంచి మంచియే. ఎన్నికల వేదికలపై ఈ రోగుల పేరెత్తి యొండొరులను దూషించుకొను నాయకులు ఈ సంగతి గుర్తించిన బాగుండును.

ఐనను యంత్రము చేయగలపని యెంతయో తెలిసికొనవలెను. ఆరోగ్యవంతుని మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడపోసి, అందులో నించుమించు సమస్తమును మరల రక్తమున కిచ్చివేయును. రేయింబవళ్లు వానికి విరామము లేదు. డయాలిసిసు రోగికి ఆ పని వారమునకు మూడుమారులు, మారునకు నాలుగు గంటలు జరుగును. వారమునకు 168 గంటలు. అందు యంత్రము పాలు పండ్రెండు. మిగిలిన 156 గంటల విషమును రోగి తన యొంటిలోనే మోయవలెను. ఆసుపత్రి లెక్కలలో ఆ పండ్రెండు గంటలే కనబడును. సంసారము నడచునది తక్కిన 156 గంటలలో.

ఈ యంత్రము పుట్టిన కథ స్వాతంత్ర్యప్రియులు వినదగినది. 1943లో జర్మనుల ఆక్రమణలో నలుగుచున్న హాలండు దేశమున, కాంపెన్ అను చిన్నయూరి ఆసుపత్రిలో విలెం కోల్ఫ్ అను వైద్యుడు, మాంసపు వంటకములకు తొడుగుగా వాడు సెలోఫేను గొట్టమును కొయ్య పీపాకు చుట్టి దీనిని నిర్మించెను. మొదటి రోగులు దాదాపు అందరును మరణించిరి. 1945లో బ్రదికి బయటపడిన మొట్టమొదటి వ్యక్తి 67 ఏండ్ల స్త్రీ. ఆమె శత్రువులతో చేతులు కలిపినదని చెరసాలలో నుండినది! వైద్యుడు ఆమె యోగ్యతను విచారింపలేదు. ఆక్రమణలోనున్న దేశములో, రాజధాని కాని యూరిలో, దొరికిన సామానుతో ఇంతపని జరిగినది.

ఇక ఆ 156 గంటల మాట. మూత్రము ఆగిపోయిన రోగి దినమునకు ముప్పాతిక లీటరో, లీటరో తప్ప ద్రవము పుచ్చుకొనరాదు; అన్నములోని మజ్జిగ, చారు సయితము ఆ లెక్కలోనివే. ఒక్కమారు రక్తశుద్ధికి యంత్రములో సుమారు 120 లీటర్ల శుద్ధజలము ప్రవహించును. ఆ యంత్రము ప్రక్కన పరుండినవాడు ఎండిన పెదవిని తడిగుడ్డతో తుడుచుకొనును. వైశాఖమాసపు ఉక్కలో సముద్రపుటొడ్డున ఇది యెట్టి తపస్సో ఊహింపుడు. ఇంటిముందు కొబ్బరిచెట్టు గెలలతో నిలచియుండును, కొబ్బరినీళ్లు ముట్టరాదు. పనసతొన వలదు, జీడిపప్పు వలదు, అరటిపండు వలదు. వీనిలోని పొటాషియము రక్తమున పేరుకొన్నచో గుండె ఆగిపోవచ్చును. ఇల్లాలు కూరముక్కలను ఉడికించి ఆ నీరు పారబోసి, ఉప్పు తగ్గించి, భర్తకొక వంట, బిడ్డలకొక వంట చేయును. తోటను పెంచినవానికి తోటఫలము నిషిద్ధమైన దేశ మిది.

చేయి సంగతి చెప్పవలెను. రక్తము తీయుటకై ముంజేతి ధమనిని సిరతో కలిపి కుట్టుదురు. ఆ చేత బరువెత్తరాదు, దానిపై తలపెట్టి పరుండరాదు, బిగుతైన గాజు తొడుగరాదు. ప్రతి ఉదయము దానిపై వ్రేళ్లుంచి లోపలి ప్రకంపము నడచుచున్నదో లేదో చూచుకొనవలెను. అది ఆగినచో చికిత్సకు ద్వారమే మూతపడినట్లు. చెట్టెక్కి కాయ దింపువాడు, బస్తా మోయువాడు, వల లాగువాడు - వీరికి చేయి పోయినచో మిగులున దేమి? రక్తహీనత ఆయాసమును తెచ్చును, ఎముకలు సలుపును, తొడల కండ కరగును. శుద్ధి ముగిసిన దినమున పిక్కలు పట్టుకొనును, కండ్లు తిరుగును, ఇంటికి వచ్చి మంచమున వ్రాలినవాడు మరునాటికిగాని లేవడు. కొన్ని యేండ్లకు గుమ్మము దాటుటయే ప్రయాణమగును.

ఇట్టివానికి, ఆసుపత్రి పది మైళ్ల దూరమున నున్నను నూరు మైళ్ల దూరమున నున్నను భేద మెంత? యంత్రమునొద్ద రుసుము లేదు, నిజమే. కాని యంత్రమువరకు ఎవరు చేర్చెదరు? నెలకు పదమూడు పర్యాయములు పోవలెను, పదమూడు పర్యాయములు రావలెను. అనగా ఇరువదియారు ప్రయాణములు. నడవలేనివాడు బస్సెక్కలేడు, ఆటోయే గతి. ఒంటరిగా పోలేడు, భార్యయో కొడుకో కూలిదినము మానుకొని వెంటబోవలెను. పింఛను ఆటోకు, మందులకు పోగా మిగిలినది ఏ పాటిదో లెక్క వేసికొనవచ్చును. ఒక వారము బాడుగ లేక ఒక పర్యాయము మానినచో ఊపిరితిత్తులలో నీరు చేరును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు చేరువనే తీరము దాటి, తోటలను కూల్చి, రోడ్లను మూసి, దినములతరబడి కరెంటు లేకుండ జేసినది. తుపాను ఆగెనుగాని రక్తములోని విషము ఆగునా?

రైల్వేవారు డయాలిసిసునకు పోవు రోగికిని, వెంటబోవు మనిషికిని టిక్కెట్టులో రాయితీ నిచ్చుచున్నారు. రోగి యొక్కడు పోలేడన్న సంగతిని కేంద్రప్రభుత్వ శాఖయొకటి అంగీకరించినట్లే గదా! ఇంటినుండి మండలకేంద్రమునకు పోవు దారిలో మాత్రము ఆ అంగీకార మేల మాయమగుచున్నది?

దీని మూలము చట్టములోనే కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నది. రక్తసంబంధమైన హీమోఫిలియా, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధులు అందు చేరినవి, చేరుట న్యాయమే. మూత్రపిండములు నశించి యంత్రముపై బ్రదుకువాడు ఆ పట్టికలో లేడు. కాలు విరిగినవానికి కొలత గలదు. కాళ్లుండియు నాలుగడుగులు వేయలేనివానికి కొలత లేదు. అందువలన అతనికి పింఛను దయగా వచ్చుచున్నదిగాని హక్కుగా రాదు. దయ ప్రభుత్వముతో మారును. అదే చట్టపు పట్టికలో, కేంద్రప్రభుత్వము ప్రకటించు ఇతర వైకల్యములకును చోటున్నది. పార్లమెంటు మరల కూడనక్కరలేదు. ఒక ప్రకటన చాలును. మన పార్లమెంటు సభ్యులు ఈ ప్రకటనకై పట్టుపట్టవలెను.

అంతవరకు చేయదగిన పనులు లేకపోలేదు. ఇందరికి బండ్లు నడుపుట సాధ్యమా యని అధికారులు అడుగవచ్చును. బాలింతను, శిశువును ఆసుపత్రినుండి ఇంటికి చేర్చుటకు ప్రభుత్వమే బండ్లు నడిపించినది. అది సాధ్యమైనప్పుడు ఇది యేల కాదు? డయాలిసిసు రోగి ఏ దినమున, ఏ గంటకు వచ్చునో ముందుగానే తెలియును. ఒక త్రోవలోని నలుగురిని ఒకే బండిలో తెచ్చి దించవచ్చును.

మంచము దిగలేనివారికి వేరొక మార్గము గలదు. కడుపులోనికి సన్నని గొట్టమును అమర్చి, రెండేసి లీటర్ల ద్రవపు సంచిని దినమునకు మూడు నాలుగు మారులు ఇంటనే నింపి తీయు పద్ధతి యది. చేతితో సంచులు మార్చు విధానమునకు కరెంటు అక్కరలేదు. 2016-17 కేంద్ర బడ్జెటులో ప్రకటింపబడిన జాతీయ డయాలిసిసు పథకములో ఈ పద్ధతికై 2019లో మార్గదర్శకములును వెలువడినవి. శుచి తప్పినచో కడుపులో చీము పట్టు ప్రమాద మున్నది; కావున చేతులు కడుగుట మొదలు సంచి మార్చుట వరకు ఇంటివారికి నేర్పు నర్సు ఊరికి వచ్చిపోవలెను, సంచులు నెలనెల ఇంటికి చేరవలెను. ఈ రెండును లేకున్న మార్గదర్శకములు బీరువాలోనే యుండును.

1940లో మందస జమీందారీలో అడవిపై హక్కుకై రైతులు నిలచినప్పుడు, పోలీసు తుపాకికి వీరగున్నమ్మ నేలకొరిగిన సీమ యిది. హక్కు అడుగుట ఇచ్చటివారికి క్రొత్తగా నేర్పనక్కరలేదు; మంచముననున్నవాని పక్షమున అడుగువారు కావలెను. ఇచ్ఛాపురము మొదలు పలాస వరకు గల పఠనమందిరముల కార్యదర్శులు, మా స్వచ్ఛందసేవకులు ఈ నెలలో తమ తమ ఊళ్లలో తిరిగి, నడవలేని డయాలిసిసు రోగు లెందరో, కేంద్రమునకు దూర మెంతయో, వెంటబోవువా రెవరో, గత నెలలో బాడుగ లేక మానిన పర్యాయము లెన్నియో వ్రాసి, ఒక ప్రతి జిల్లా కలెక్టరునకు, ఒక ప్రతి మా కార్యాలయమునకు పంప గోరుచున్నాము. కేంద్రమునకు వచ్చినవారి లెక్క ఆసుపత్రి పుస్తకములో నుండును. రాలేకపోయినవారి లెక్క ఇండ్లలోనే దొరకును. రోగి సమ్మతించనిదే పేరు వ్రాయరాదు. సంఖ్య వ్రాసిన చాలును.