కళాచరిత్ర పట్టము – మిగిలిపోవుచున్న పద్దులు

కళాశాలలలో ప్రవేశముల కాలము వచ్చినది. గడచిన వారము మా అంగడికి వచ్చిన యొక పెద్దమనిషి, "మా అమ్మాయి కళాచరిత్రము చదువుదు ననుచున్నది. బొమ్మలు చూచుటకు మూడేండ్లు కావలయునా?" అని యడిగిరి. ఆ మాటలో పరిహాస మున్నను, న్యాయమైన సందేహము కూడ నున్నది. ఆ చదువు విద్యార్థి నుండి ఏమి కోరునో, ఎప్పటికి పూర్తి యగునో మనలో పెక్కుమందికి తెలియదు. తెలియకయే చేర్పించుచున్నాము, తెలియకయే నడుమ మాన్పించుచున్నాము.

యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను 2022 డిసెంబరులో ప్రకటించిన విధానము ననుసరించి మూడేండ్ల పట్టమునకు కనీసము 120 క్రెడిట్లును, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160 క్రెడిట్లును కావలయును. ఉపన్యాసములకైనచో ఒక క్రెడిటునకు 15 గంటల బోధన. వర్తకులము గనుక లెక్క వేసి చూచితిమి. సెమిస్టరునకు 20 క్రెడిట్లు చొప్పున తరగతి గదిలోనే సుమారు 300 గంటలు గడుపవలెను; గ్రంథాలయమును, ఇంటి చదువును వేరు. ఆ 120లో ప్రధాన విషయమైన కళాచరిత్రమునకు చెందునవి 60 మాత్రమే. ఉపవిషయమునకు 24 పోగా, మిగిలినవి భాషలకును, ఇతర శాస్త్రములకును, వృత్తి నైపుణ్యములకును, వేసవిలో చేయవలసిన పనికిని చెందును. ప్రధాన విషయములో నెన్ని మార్కులు వచ్చినను, ఈ చిన్న పద్దులలో నొకటి తక్కువైనచో పట్టము చేతికి రాదు. పెద్ద మొత్తములు సరిపోయి పైసలు కుదరనప్పుడు మనము మాత్రము సంవత్సరపు లెక్క మూయగలమా?

నియమము అన్ని చోట్ల నొకటి కాదు. కర్ణాటక రాష్ట్రము 2024లో మరల మూడేండ్ల పట్టమునకే వచ్చినది. 1919లో వెలసిన శాంతినికేతన కళాభవనమునందును, 1950లో ఆరంభమైన బరోడా లలితకళా విభాగమునందును ఈ విద్యను నాలుగేండ్ల చిత్రకళా పట్టములలో నొక శాఖగా నేర్పుచున్నారు. కావున చేరుటకు ముందే ఆయా విశ్వవిద్యాలయపు నియమావళిని తెప్పించి, తలిదండ్రులు స్వయముగా చదువవలెను. బంధువులు చెప్పినది చాలదు.

ఇక "చూచుట" యను మాట. పుస్తకము కంఠస్థము చేసి వచ్చిన విద్యార్థి ఈ చదువులో చిక్కుపడును. ఒక శిల్పమును ముందుంచి, ఇది యే కాలపుది, ఏ ప్రాంతపుది, ఆ సంగతి దేనివలన తెలిసినదని యడిగినపుడు, కన్ను అలవాటు పడియుండవలెను. చెన్నపట్టణమున నున్న మన పిల్లలకు అందుకు దూరము పోవలసిన పని లేదు. అమరావతీ శిల్పములలో గొప్ప భాగము ఎగ్మూరు మ్యూజియములోనే యున్నది, వానిపై సి. శివరామమూర్తి గారు వ్రాసిన గ్రంథము 1942లోనే వెలువడినది. మనము ఆ వీధిన రైలు పట్టుకొనుటకై ఎన్నిసారులు పోయితిమో! లోపలికి పోయినవారెందరు?

కొంత దూరము పోవలసినవియు కలవు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో వీరభద్రాలయపు కప్పుపై 16వ శతాబ్దపు వర్ణచిత్రములు కలవు. వస్త్రవ్యాపారులము గనుక మేము పోయినపుడు మా చూపు దేవతల మీద కంటె చీరల అంచుల మీదను, పురుషుల పొడుగు కుళ్ళాయిల మీదను ఎక్కువగా నిలిచినది. అట్టి వేషములను బట్టియు చిత్రముల కాలమును విచారింతురని పిమ్మట తెలిసి, మా చూపు వ్యర్థము కాలేదని సంతసించితిమి. ఇట్టి యాత్రలను పాఠ్యక్రమములో చేర్చి, నివేదికకు మార్కులిచ్చు చోట్ల, ఆడపిల్లను పది దినములు పంపుట యెట్లని ఆపివేసిన తలిదండ్రులను ఎరుగుదుము. వారి భయమును తప్పుపట్టము. వెంట వచ్చు అధ్యాపకురాలెవరో, బస యెక్కడనో కళాశాలవారి నడిగి తెలిసికొనవచ్చును. యాత్ర మాన్పించుట మాత్రము పరీక్ష మాన్పించుట వంటిదే.

భాష విషయమున మనకు దగ్గరి సంబంధ మున్నది. పైన చెప్పిన విధానములో ఒక ఆధునిక భారతీయ భాషకును ఆంగ్లమునకును కలిపి కనీసము 8 క్రెడిట్లు కలవు. దీనిని భారమని తలచువారున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ తెరలను చూడుడు. రామాయణ కథ గడులు గడులుగా సాగుచుండ, బొమ్మల చెంత తెలుగు లిపిలో వ్రాత యుండును. ఆ వ్రాత చదువలేని పండితుడు మరియొకరి నాశ్రయింపవలసినదే. మన యింటి పిల్ల చదువగలదా? తమిళనాట 2006 నాటి చట్టముతో పాఠశాలలలో తమిళము నిర్బంధమైనది. తమిళము నేర్చుట మంచిదే. ఈ నేలపై తరతరములుగ బ్రతుకుచున్నవారము, అది మనకు పరాయిది కాదు. కాని తెలుగు మాటలాడుచు తెలుగక్షరము గుర్తింపలేని పిల్లలు మన యిండ్లలో పెరుగుచున్నారు. ఆ తప్పు నంతయు చట్టముపై త్రోయజాలము; సాయంకాలము అరగంట మన చేతిలోనిదే. తెలుగు బోధించు కళాశాల దొరకినచో ఆ భాషా క్రెడిట్లను తెలుగులోనే పొందుట మేలు.

మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 మార్కులు తెచ్చుకొనినవారు నాలుగవ యేట పరిశోధనతో కూడిన ఆనర్సు చేయవచ్చును. అందు పరిశోధన వ్యాసమునకే 12 క్రెడిట్లు. అక్షరము వచ్చిన పిల్లకు వ్యాసవిషయము తాతగారి పెట్టెలోని పాత తెరలోనే దొరకవచ్చును.

చివరగా నొక సంగతి. మన కుటుంబములలోని యొక యువతి పొరుగు రాష్ట్రమున ఈ చదువే రెండేండ్లు చదివినది. 80 క్రెడిట్లు వచ్చినవి. వేసవి వృత్తిశిక్షణయు ముగించినది. ఇంతలో వివాహము కుదిరినది. డిప్లమా వచ్చినది గదా, చాలునని ఇరువైపుల పెద్దలును తలచిరి. డిప్లమా పట్టము కాదు. అయినను ఆమె చేరిన చోట పై విధానమే అమలులో నున్నది గనుక, విడిచిన మూడేండ్లలోపల మరల చేరవచ్చును. మొత్తము ఏడేండ్లలో పూర్తి చేయవలెను. సంపాదించిన క్రెడిట్లు, 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంకులో ఆమె పేరనే భద్రముగ నుండును. కావలసినవి రెండు సెమిస్టర్లు, 40 క్రెడిట్లు.

మరల చేరుటకు గల గడువులో ఇరువది నెలలు గడచినవి. పదునారు నెలలు మిగిలినవి. ఆమె మామగారు ఈ పత్రికకు చందాదారులు.