సంఘం బల్ల సొరుగులు: అమ్మేముందు ఒక మాట



మన సంఘం ఆఫీసులో ఉన్న పాత టేకు బల్లను పాత సామాన్లు కొనేవాళ్ళకు ఇచ్చేసి కొత్త కంప్యూటర్ టేబుల్ తెద్దామని గ్రూపులో ప్రతిపాదన వచ్చింది. కారణం ఒక్కటే, సొరుగులు రావడం లేదు. నడిమి సొరుగు దీపావళి నుంచి తెరుచుకోలేదు. పాత చందా రసీదు పుస్తకాలన్నీ అందులోనే ఉండిపోయాయి. ప్రతిపాదించిన తమ్ముళ్ళ మీద నాకు కోపం లేదు, రోజూ దానితో కుస్తీ పట్టేది వాళ్ళే. కానీ నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

మొదట ఇది ఏ నెలో చూడండి. ఆంధ్రలో మన బంధువులకు జూన్ నుంచే వానలు. చెన్నైలో మనకు అసలు వాన ఐప్పసి, కార్తిగై నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. పొడవులో దాదాపు కదలదు, అడ్డంలోనే పెరుగుతుంది. టేకు మిగతా కర్రల కన్నా నయం. అయినా ఆరంగుళాల ఎత్తున్న పక్కపలక వానాకాలంలో ఒక మిల్లీమీటరు దాకా పెరగవచ్చు. సొరుగుకీ దాని నోటికీ మధ్య వదిలిన సందే అంత ఉంటుంది. ఇంక అది ఎలా వస్తుంది?

ఇప్పుడు ఆచారిని పిలిస్తే చిత్రిక పట్టి పది నిమిషాల్లో వదులు చేసి వెళ్తాడు. అందరికీ సంతోషం. ఏప్రిల్‌లో ఎండకు చెక్క మళ్ళీ కుంచించుకుంటుంది, అప్పుడు సొరుగు నోట్లో ఆడుతుంది, లాగితే ముక్కు కిందకి వాలుతుంది. తీసేసిన చెక్కను మళ్ళీ అతికించలేం. అందుకే నా మాట: వానల్లో చిత్రిక వద్దు. తై నెల పోయి చెక్క ఆరాక కూడా పట్టేస్తూ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

ఇంకో సంగతి. సొరుగు బిగిసిందంటే ప్రతిసారీ ఉబ్బే కారణం కాదు. మన ఆఫీసులో నేల టైల్స్ మార్చాక ఆ బల్ల నాలుగు కాళ్ళూ సమంగా ఆనడం లేదు, చేత్తో నొక్కితే ఊగుతుంది. కాలు ఒకటి లేస్తే పైన చట్రం కాస్త ఓరగా అవుతుంది, చతురంగా ఉండాల్సిన నోరు ఏటవాలవుతుంది. ఒక దారం తీసుకుని నోటికి మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటి కాకపోతే ముందు కాలి కింద అట్టముక్క పెట్టి చూడాలి. రూపాయి ఖర్చు లేదు.

మరో అనుమానం కూడా ఉంది, దీన్ని ఎవరూ ఒప్పుకోరు. రంగులు వేసేటప్పుడు సొరుగులన్నీ తీసి గోడవార పెట్టారు. తిరిగి పెట్టినవాళ్ళు ఏది ఎక్కడిదో చూశారా? చేత్తో చేసిన పాత బల్లల్లో ఒక్కో సొరుగును దాని నోటికే కొలిచి చేస్తారు. చూడటానికి ఒకేలా ఉన్నా కుడిది ఎడమకు పడదు. తీసిన వెంటనే వెనకపలక మీద పెన్సిల్‌తో నంబరు వేసుకోవడం అందుకే.

రాని సొరుగును ఒక్క పిడి పట్టుకుని గుంజకండి. ఓరగా తిరిగి ఇంకా గట్టిగా పట్టేస్తుంది, పిడి ఊడి చేతికొస్తుంది. ముందు తాళం నాలుక దిగిందో లేదో చూడాలి. తర్వాత ముందు సందులోంచి స్టీలు స్కేలు దూర్చి అటూ ఇటూ ఆడించాలి. చాలాసార్లు లోపల పుస్తకమో ఫైలో పైకి లేచి అడ్డం పడి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు రైల్వే ఆఫీసు సొరుగులతో కాపురం చేసినవాణ్ణి, పాపం చెక్కది అనుకున్న చాలాసార్లు పాపం కాగితానిదే. అప్పటికీ రాకపోతే పై సొరుగు తీసేసి, మధ్యలో పలక అడ్డం లేకపోతే, ఆ ఖాళీలోంచి చెయ్యి పెట్టి వెనక నుంచి తొయ్యాలి.

బయటికి వచ్చాక ఎండలో పెట్టకండి, వంకర తిరుగుతుంది. నీడలో ఫ్యాన్ కింద రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. తర్వాత పక్కపలకలకూ కింది అంచులకూ సుద్దముక్క రుద్ది నాలుగైదు సార్లు లోపలికీ బయటికీ ఆడించండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే రాపిడి. అక్కడ మాత్రం ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్ది, మామూలు తెల్ల కొవ్వొత్తి పూయాలి. సొరుగు కింద నడిచే పట్టీలకు కూడా. కొబ్బరినూనె మాత్రం పొయ్యకండి, దయచేసి. చెక్క దాన్ని పీల్చుకుంటుంది, దుమ్ము పట్టి జిగట అవుతుంది. పట్టీలు అరిగి గాడి పడి ఉంటే కొవ్వొత్తి చాలదు, కొత్త పట్టీ వెయ్యాలి. అది ఆచారి పని, కూలి ఇచ్చి చేయించుకుందాం. ఎండాకాలంలో లోపలి పచ్చి చెక్కకు కూడా ఒక పూత పాలిష్ వేస్తే వచ్చే వానలకు తేమ అంత తొందరగా ఎక్కదు.

కొత్త టేబుల్ సంగతి కూడా చెప్పాలి. ఆ ధరకు వచ్చేది పార్టికల్ బోర్డు. చెక్కపొట్టు, జిగురు కలిపి అదిమిన పలక. ఒకసారి నీళ్ళు తగిలి ఉబ్బిందంటే ఎన్ని ఎండాకాలాలు వచ్చినా వెనక్కి తగ్గదు, స్క్రూలు కూడా పట్టు వదిలేస్తాయి. వానొస్తే మన ఆఫీసు గుమ్మంలోకి నీళ్ళు వస్తాయని మీకు తెలియంది కాదు. రిజిస్టర్లు చెదపురుగుల పాలు కాకుండా ఇనుప బీరువా కొందామంటే నేను మొదటి చందా ఇస్తాను, అది వేరే మాట.

తమిళ బడిలో చదివిన నాకు ‘సొరుగు’ అనగానే తమిళ మాటే ముందు వినిపిస్తుంది. అక్కడ సొరుగు అంటే దోపడం, లోపలికి చొప్పించడం. దోపింది తిరిగి రావాలి కదా అని మా ఇంట్లో నవ్వుకుంటాం.

కమిటీ తీర్మానాన్ని ఫిబ్రవరి దాకా వాయిదా వెయ్యమని నా విన్నపం. ఈ ఆదివారం పది గంటలకు సుద్ద, కొవ్వొత్తి, ఉప్పు కాగితం తీసుకుని నేను వస్తాను. బల్ల ఎత్తడానికి ఇద్దరు కుర్రవాళ్ళు కావాలి. ఆఫీసు తాళం ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో కింద రాయండి.