దరఖాస్తులో కనిపించని పేట

వరిచేను రొయ్యల చెరువుగా మారాలంటే అనుమతి కావాలి. పట్టాదారు దరఖాస్తు పెడతాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి వనరు, మురుగు పోయే దారి, సరిహద్దు రైతుల అభ్యంతరాలు అధికారులు పరిశీలిస్తారు. గోదావరి డెల్టాలో ఏళ్ల తరబడి సాగుతున్న ఈ తంతులో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ చేలో ఊడ్పులు ఊడ్చిన ఆడవాళ్లు రేపటి నుంచి ఎక్కడికి పోవాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. మా అమ్మ ఊడ్పులకు, కలుపులకు వెళ్లిన చేలు ఇవాళ చెరువులు. ఆ చేలు మా పేటకు కూలి ఒక్కటే ఇవ్వలేదు. కోతలయ్యాక పరిగె ఇచ్చాయి, గేదెకు గట్టు మీది గడ్డి ఇచ్చాయి, శ్మశానానికి దారి ఇచ్చాయి. చెరువుకు కావలసింది ఒక కాపలాదారు, మేత వేసే ఇద్దరు మగవాళ్లు. గట్టుకు కంచె పడితే గడ్డీ పోతుంది, దారీ పోతుంది. ఇవేవీ ఏ పట్టాలోనూ లేవు కనుక వీటి నష్టం ఏ ఫైలులోనూ ఉండదు.

కాలుష్యం అందరికీ సమానమే కదా అంటారు. కాదు. మెరకలో ఊరు, పల్లంలో పేట ఉన్నచోట చెరువుల ఉప్పు, మురుగు ముందు చేరేది పేటకే. మంచినీటి చెరువు చెడిపోతే ఊళ్లోవారు నీళ్ల టిన్ను కొనుక్కుంటారు. కూలి పోగొట్టుకున్న ఇల్లు కూడా అదే ధరకు అదే టిన్ను కొనాలి.

చట్టానికి ఈ సంగతి తెలియనిది కాదు. ప్రభుత్వం భూమి సేకరిస్తే, 2013 భూసేకరణ చట్టం ప్రకారం సెంటు భూమి లేకున్నా అక్కడ మూడేళ్లుగా పనిచేస్తున్న వ్యవసాయ కూలీ, కౌలుదారు ‘ప్రభావిత కుటుంబమే’. అదే భూమిని యజమాని తవ్వించుకుంటే ఆ కూలీ లెక్కలో లేడు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో రొయ్యల చెరువులు అసలే లేవు. కృష్ణమ్మాళ్‌తో కలిసి తమిళనాడులో దళితులకు భూమి కోసం పోరాడిన సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పునిచ్చింది. అనుమతికి ముందు జరిపే అంచనాలో జనాభాలోని వివిధ శ్రేణులపై పడే సామాజిక ప్రభావం కూడా ఉండాలని చెప్పింది. మన దేశంలో ‘శ్రేణి’కి మరో పేరు కులం. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాక సాగుకు రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది కానీ, ఆ మాట పక్కకుపోయింది.

రైతు కష్టాన్ని నేను తోసిపుచ్చడం లేదు. గిట్టుబాటు కాకనే 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కానీ విరామమైనా, చెరువైనా నిర్ణయం భూమి ఉన్నవారిది, పస్తు లేనివారిది. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు మాకు వద్దన్న గ్రామాలకు దక్కిన జవాబు 144వ సెక్షన్, కేసులు. 2017 మార్చిలో మొగల్తూరు వద్ద రొయ్యల శుద్ధి కర్మాగారంలో తొట్టిలోకి దిగిన ఐదుగురు కార్మికులు విషవాయువుకు బలయ్యారు. అడిగిన భయం ఊహ కాదని ఆ మరణాలు చెప్పాయి.

అందుకే అనుమతికి ముందు గ్రామసభ పేటలోనే జరగాలి. కూలీలను, కౌలుదారులను, మత్స్యకారులను ప్రభావిత కుటుంబాలుగా నమోదు చేయాలి. మంచినీటి చెరువు, శ్మశానం, దాని దారి, అమ్మవారి జాతర స్థలం పటంలో గుర్తించాలి. ఒక్కొక్క చెరువును విడిగా కాక, ఆ మురుగు కాలువలో కలిసే చెరువులన్నిటినీ కలిపి అంచనా వేయాలి. పోయే పనిదినాలకు ప్రత్యామ్నాయం చూపని దరఖాస్తును తిప్పిపంపాలి.

దరఖాస్తు ఫారంలో ఇప్పుడున్న గడులన్నీ భూమి గురించినవే. ఆ భూమి మీద బతికినవారి గురించి కూడా ఒక గడి చేర్చమనడం అభివృద్ధికి అడ్డుపడటం ఎలా అవుతుంది?