వెన్నుపూసకు లిఫ్ట్ కిట్ లేదు

గత మాసం మా అక్కయ్యకు నడుము ఎక్స్‌రే తీయించవలసి వచ్చింది. ఆమె వయస్సు డెబ్బై ఆరు. జారిపడలేదు, మెట్టు తప్పలేదు. కుమారుడు ముచ్చటపడి కొనుక్కున్న ఆఫ్‌రోడ్ వాహనంలో వెనుక సీటున కూర్చుని, సూర్యాపేట వైపు బంధువుల ఇంట జరిగే శుభకార్యానికి బయలుదేరింది. రంగు వేయని ఒక స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరింది. ఆమె సీటు నుండి పైకి లేచి, తిరిగి దబ్బున కూలబడింది. మొదటి కటి వెన్నుపూస ముందుభాగం కుంగిపోయింది. ఆ బండికి అంతకు రెండు వారాల ముందే, ప్రయాణం సుఖంగా ఉంటుందన్న మాట నమ్మి, సస్పెన్షన్ మొత్తం మార్పించారు.

"మామయ్యా, అమ్మ హాయిగా కూర్చోవాలనే కదా మార్పించాను" అని మేనల్లుడు కన్నీరు పెట్టుకున్నాడు. అతని ప్రేమను నేను శంకించను. వయసుతో గుల్లబారిన ఎముక కూడా ఈ ప్రమాదానికి ఒక కారణమేనని వైద్యునిగా ఒప్పుకుంటాను. కాని బలహీనమైన ఎముక ఉన్న ఇంటికి సుఖం పేరిట అమ్మిన సరుకు ఎటువంటిదో చెప్పక తప్పదు. రెండంగుళాల ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, బరువైన ఇనుప బంపరు, వించి, పైన గుడారం మోసే బండ్ల కోసం తయారైన గట్టి స్ప్రింగులు, వాటికి తగిన గట్టి షాక్ అబ్జార్బర్లు అతనికి అమ్మారు. మా వాడి బండికి బంపరూ లేదు, వించీ లేదు. అందులో వెళ్లేది ముగ్గురు మనుషులు, ఒక టిఫిన్ క్యారియరు.

ఈ వ్యాపారమంతా కొన్ని మూఢవిశ్వాసాల మీద నడుస్తున్నది. వాటిని ఒక్కొక్కటిగా ఖండించడమే నా ఉద్దేశం.

మొదటి విశ్వాసం: ఎంత గట్టి స్ప్రింగు అయితే అంత మంచి ప్రయాణం. స్ప్రింగు చేసే పని గతుకు దెబ్బను తనలో దాచుకోవడం. షాక్ అబ్జార్బరు చేసే పని ఆ దాచిన శక్తిని వేడిగా మార్చి ఊగిసలాటను ఆపడం. బండి దేహం స్ప్రింగుల మీద సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది స్ప్రింగు గట్టిదనం మీద, దాని మీద నిలిచిన బరువు మీద ఆధారపడి ఉంటుంది. సాధారణమైన కారు సెకనుకు ఒకటి నుండి ఒకటిన్నర సార్లు ఊగుతుంది. బరువు పెంచకుండా స్ప్రింగు గట్టిదనాన్ని మాత్రం రెట్టింపు చేస్తే, ఒకటిన్నర ఉన్న ఆ సంఖ్య రెండు దాటుతుంది.

అందువల్ల వచ్చిన నష్టమేమిటి? కూర్చున్న మనిషి మొండెం, వెన్నెముక నిలువు కంపనాలకు అత్యధికంగా లోనయ్యేది సెకనుకు 4 నుండి 8 సార్ల మధ్య. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 2631 ఈ శ్రేణికే అత్యధిక ప్రాధాన్యమిస్తుంది. బండి సహజంగా ఊగే వేగం ఎంత తక్కువగా ఉంటే, ఈ హానికర శ్రేణి అంత బాగా వడగట్టబడుతుంది. గట్టి స్ప్రింగు ఆ జల్లెడ కన్నాలను పెద్దవి చేస్తుంది. దానికి తోడు అవసరానికి మించి బిగువైన షాక్ అబ్జార్బరును అమర్చితే, చిన్న గతుకులు సైతం నేరుగా నడుముకు చేరుతాయి. బండి నిటారుగా, బిగువుగా నడుస్తున్నట్లు తోస్తుంది, చోదకుడు సంతోషిస్తాడు. వెనుక కూర్చున్నవారి డిస్కులు మాత్రం ఆ సంతోషానికి మూల్యం చెల్లిస్తాయి.

రెండవ విశ్వాసం: ఎత్తు పెరిగితే గతుకుల బాధ తగ్గుతుంది. దృఢమైన ఇరుసు ఉన్న బండిలో స్ప్రింగు పొడవు పెంచితే పైనున్న దేహం మాత్రమే లేస్తుంది. ఇరుసు నడుమ వేలాడే డిఫరెన్షియల్ నేలకు ఎంత దూరంలో ఉన్నదో అంత దూరంలోనే ఉంటుంది. అది లేవాలంటే పెద్ద టైర్లు వేయాలి. గురుత్వ కేంద్రం మాత్రం పైకి పోతుంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 150 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకుందాం. చక్రాల దూరంలో సగాన్ని ఎత్తుతో భాగిస్తే 1.07 వస్తుంది. గురుత్వ కేంద్రం ఐదు సెంటీమీటర్లు పైకి లేచిందంటే అది 1కి పడిపోతుంది. ఈ సంఖ్య ఎంత తగ్గితే బోల్తాపడే ప్రమాదం అంత ఎక్కువ. హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి లేస్తాయి. మోకాళ్లు అరిగిన పెద్దలకు ఎక్కడం, దిగడం ఇంకొక రెండంగుళాలు కష్టమవుతుంది. దిగుతూ జారిపడితే విరిగేది తుంటి ఎముక.

మూడవ విశ్వాసం దీనికి వ్యతిరేకం: ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం. ఇదీ సత్యం కాదు. మరీ మెత్తని స్ప్రింగులతో, నీరసించిన షాక్ అబ్జార్బర్లతో బండి పడవలా నెమ్మదిగా ఊగుతుంది. సెకనుకు అర్ధభాగం కన్న తక్కువ వేగంతో సాగే ఊగిసలాటలే కడుపులో తిప్పడానికి, వాంతులకు కారణం. పెద్ద గుంతలో స్ప్రింగు పూర్తిగా అణగి, లోపలి రబ్బరు దిమ్మకు ఢీకొంటే, తగిలే దెబ్బ గట్టి స్ప్రింగు దెబ్బను మించుతుంది. కావలసింది మోసే బరువుకు సరిపోయిన స్ప్రింగు, ఆ స్ప్రింగుకు సరిపోయిన షాక్ అబ్జార్బరు.

నాలుగవది అన్నిటికన్నా ప్రమాదకరం: "శరీరం అలవాటు పడుతుంది." పడదు. దెబ్బ తగిలిన తరువాతే వెన్ను కండరాలు బిగుసుకుంటాయి. గంటల తరబడి అలా బిగుసుకుని అలసిపోతే ఆ కాపుదల కూడా సడలుతుంది. ట్రాక్టర్లు, భారీ యంత్రాలు నడిపేవారిలో నడుము నొప్పి అధికమని వృత్తి వైద్యానికి చిరకాలంగా తెలుసు. అందుకే ఐరోపా సమాజం 2002లో శ్రామికుల శరీర కంపనానికి ఆదేశం జారీ చేసి, ఎనిమిది గంటల పనికి 0.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలని, 1.15 మీటర్ల త్వరణాన్ని మించరాదని హద్దులు గీసింది. కూలికి పనిచేసే మనిషి వెన్నుకు అక్కడ చట్టం కాపలా ఉన్నది. ఇక్కడ మనం సొంత సొమ్ముతో ఆ కంపనాన్ని కొని తల్లిదండ్రులను దాని మీద కూర్చోబెడుతున్నాము.

"రోడ్లు ఇలా ఉంటే బండిని తప్పుపట్టడమేమిటి?" అని కొందరు ప్రశ్నిస్తారు. న్యాయమైన ప్రశ్నే. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటదగిన స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు కలిగి గుండ్రంగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం చెబుతున్నది. మన కాలనీలలో కనిపించేవి రాత్రికి రాత్రి పోసిన సిమెంటు గట్లు. వాటి మీద పురపాలక సంఘానికి ఫిర్యాదు చేయవలసిందే. కాని రోడ్డు చెడ్డదైనంత మాత్రాన చెడ్డ స్ప్రింగు మంచిది కాజాలదు.

నేను ఆఫ్‌రోడ్ వాహనాలకు శత్రువును కాను. 2020లో వచ్చిన థార్‌కు వెనుక, జిమ్నీకి ముందూ వెనుకా దృఢమైన ఇరుసులున్నాయి. రాళ్లలో, బురదలో చక్రం నేలను అంటిపెట్టుకుని ఉండడానికి చేసిన ఏర్పాటది. ఆ ఇరుసు బరువంతా స్ప్రింగులకు దిగువనే ఉంటుంది, ఒక చక్రం గతుకున పడితే రెండవ చక్రం కూడా కదులుతుంది. ఎంత ఖరీదైన షాక్ అబ్జార్బరు వేసినా ఈ స్వభావం తగ్గుతుందే కాని తొలగదు. దినమూ ఆఫీసుకు పోయి రావడానికే బండి కావలసినవారు ఈ సంగతి కొనక ముందే ఆలోచించాలి.

ఇప్పటికే కొన్నవారు ఏం చేయాలి? ముందుగా ఖర్చులేని పని. చోదకుని తలుపు చట్రం మీది చీటీలో సూచించిన గాలి పీడనాన్ని టైర్లు చల్లగా ఉన్నప్పుడు సరిచూడండి. పెట్రోలు బంకులో చేతికి వచ్చినంత గాలి కొట్టించుకుని సస్పెన్షన్‌ను నిందించేవారు కోకొల్లలు. పెద్ద గళ్ల బురద టైర్లు వేసి ఉంటే మామూలు రోడ్డు టైర్లకు మారండి. పిదప షాక్ అబ్జార్బర్లలో నూనె కారుతున్నదేమో, బుష్‌లు అరిగాయేమో చూపించండి. అప్పటికీ చాలకపోతే కంపెనీ స్ప్రింగులను అలాగే ఉంచి, వాటికి తగిన మేలైన షాక్ అబ్జార్బర్లు వేయించండి. స్ప్రింగు మార్చడం ఆఖరి మెట్టు. దానికి ముందు కుటుంబమంతటితో బండిని వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. ఏ బరువుకు ఆ స్ప్రింగు తయారైందో దుకాణదారు చేత కాగితం మీద రాయించుకోండి. రాయలేనివాని దగ్గర కొనకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నదని, బీమా చిక్కులు రావచ్చని కూడా గుర్తుంచుకోండి. పరీక్షగా నడిపేటప్పుడు ఐదు నిమిషాలు ముందు సీటున కూర్చుని మురిసిపోకుండా, మీరు నిత్యం తిరిగే దారిలో గంటసేపు వెనుక సీటున కూర్చోండి. పెద్దలను ముందు సీటున, బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. వెనుక ఇరుసు దగ్గరి సీటు అందరికన్నా ఎక్కువగా ఎగరేస్తుంది.

తప్పు మా వైద్యులది కూడా. నడుము నొప్పితో వచ్చినవారికి బెల్టు, మాత్ర రాసి పంపాము. నలభై ఏళ్ల వృత్తిలో "నీవు ఏ బండిలో తిరుగుతావు, ఏ సీటులో కూర్చుంటావు" అని నేను ఎందరిని అడిగానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ప్రయాణంలో కుదుపు తరువాత వృద్ధులకు హఠాత్తుగా నడుము మధ్యలో తీవ్రమైన నొప్పి వస్తే మర్దన చేయకండి, ఎక్స్‌రే తీయించండి. రెండు కాళ్లలో బలహీనత, మలమూత్ర స్థానాల చుట్టూ తిమ్మిరి, మూత్రం బిగియడం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగక ఆసుపత్రికి చేర్చండి. అరవై దాటిన స్త్రీలు ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోవడం మంచిది.

మా అక్కయ్య ఇంకా నడుముకు పట్టీతోనే ఉన్నది. ఎముకల బలానికి మందులు మొదలయ్యాయి. మేనల్లుడు పాత స్ప్రింగులు తిరిగి వేయించాడు. విప్పిన ఆ గట్టి స్ప్రింగులను ఎవరికైనా అమ్మివేద్దామని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడట. కొనేవాని ఇంట ఎవరు వెనుక సీటున కూర్చుంటారో తెలుసుకోకుండా అమ్మవద్దని చెప్పాను.