ఎబోలా: చివరి చూపు దక్కని ఇళ్లు

2014 నవంబరు నాటికి పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ఎబోలా మృతుల సంఖ్య 5 వేలు దాటింది. ఆ ఏడాది సెప్టెంబరులో గినీలోని వోమే గ్రామానికి ఈ వ్యాధి గురించి చెప్పడానికి వెళ్లిన బృందంలో 8 మందిని గ్రామస్థులే చంపారు. వారిలో ఒక దైవసేవకుడు కూడా ఉన్నాడు. అంతకుముందు నెలలో మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ మురికివాడలో రోగులను ఉంచిన కేంద్రంపై జనం దాడి చేసి, రక్తపు మరకలున్న పరుపులు సైతం ఎత్తుకుపోయారు.

దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం సులువు. చదువుకున్న అమెరికాలో కూడా, సియెర్రా లియోన్‌లో సేవచేసి వచ్చిన ఒక నర్సును, పరీక్షలో ఎబోలా లేదని తేలిన తరువాత కూడా గుడారంలోనే ఉంచారు! భయానికి చదువుతో పనిలేదు. పైగా మన్రోవియాలో మృతదేహాలను దహనం చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. పూడ్చడమే తెలిసిన ప్రజలకు సమాధి కూడా మిగలలేదు. రోగులను ఇళ్లలో దాచిపెట్టారంటే ఆశ్చర్యమేముంది?

ఎబోలా రోగి రక్తం, వాంతి వంటి ద్రవాలు తగిలితే అంటుకుంటుంది. మృతదేహం మరీ ప్రమాదకరం. గినీలో 60 శాతం కేసులకు భూస్థాపన ఆచారాలతో సంబంధం ఉందని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. దేహానికి స్నానం చేయించి, నుదుట ముద్దుపెట్టి సాగనంపే మనకు, తాకవద్దన్న మాట ఎంత కఠినమో వేరే చెప్పనక్కరలేదు.

ఇంత దుఃఖంలో లైబీరియా సంఘ నాయకులు కొందరు ఇది దేవుని ఉగ్రత అని ప్రకటించారు. మన వేదికల మీద కూడా ఆ మాట వినబడింది. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది విషయంలో ప్రభువు అలాంటి లెక్కను ఒప్పుకోలేదని లూకా 13వ అధ్యాయం చదివిన వారికి తెలుసు.

సంఘం చేయగలిగిన పని వేరే ఉంది. 2014 నవంబరు 7న ప్రపంచ ఆరోగ్య సంస్థ, క్రైస్తవ, ముస్లిం నాయకులతో సంప్రదించి భూస్థాపనకు కొత్త పద్ధతి ప్రకటించింది. దాని ప్రకారం ముందు కుటుంబంతో మాట్లాడాలి. బంధువులు సమాధి తవ్వడంలో పాలుపొందవచ్చు. దేహాన్ని తాకకుండా వాక్యం చదివి ప్రార్థన చేయవచ్చు. రక్షణ దుస్తుల్లో వచ్చే ఆ అపరిచితులతో పాటు ఊరు ఎరిగిన పాస్టరు కూడా గుమ్మం ముందు నిలబడితే తలుపు తెరుచుకుంటుంది. మన పాస్టర్ల సహవాసాలు ఈ పద్ధతిని ఇప్పుడే తెలుగులో అచ్చువేయించి, వచ్చే కూడికలో చదివించాలి.