శవాల ఉద్యోగమా?

"శవాలతో పనట వదినా! రేపు పెళ్ళిచూపుల్లో ఏమని చెప్పుకోను?" అని వాపోయింది పక్కింటావిడ. బీఎస్సీ కెమిస్ట్రీ ముగించిన వాళ్ళమ్మాయి ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ చేస్తానందట.

శవపరీక్ష చేసేది డాక్టర్లు. ఫోరెన్సిక్ లేబొరేటరీకి వచ్చేవి రక్తపు మరకలు, విషాలు, దొంగ సంతకాలు, సెల్‌ఫోన్లూను. రుక్మణీ కృష్ణమూర్తి గారు 1974లోనే ముంబయి లేబొరేటరీలో చేరి, డైరెక్టరు దాకా ఎదిగారు.

2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళితీరాలి. ఏర్పాట్లకు రాష్ట్రాలకిచ్చిన గడువు ఐదేళ్ళు. మరి అంతమంది నిపుణులు ఎక్కణ్ణుంచి రావాలి? సర్కారు కొలువుకి నోటిఫికేషన్ కోసం ఎదురుచూడక తప్పదు, నిజమే. ఏ కొలువుకి తప్పుతోంది చెప్పండి?

కోడలు కాలిపోతే "స్టవ్ పేలింది" అంటారు అత్తింటివారు. ఆమె చీర పేలికలో కిరోసిన్ ఆనవాలుందో లేదో తేల్చేది లేబొరేటరీయే. నోరు లేని ఆ పేలిక చేత మాట్లాడించే పనిలో మన ఆడపిల్లలు ఉండొద్దూ?

వదినకు ఇదే చెప్పాను. "పెళ్ళిచూపుల్లో తల వంచుకోకు. మా అమ్మాయి సాక్ష్యం చెబితే జడ్జీగారు వింటారని చెప్పు!"