భాస్వరం మట్టికి చేరాలి, మనిషి గుంతలో దిగకూడదు

భాస్వరం లేకుండా గింజ పండదు, ఎముక గట్టిపడదు. నత్రజనిని గాలి నుంచి తీసి ఎరువు చేయవచ్చు. భాస్వరానికి అలాంటి దారి లేదు, రాతి గనుల నుంచి తవ్వాల్సిందే. ప్రపంచంలోని ఫాస్ఫేటు రాతి నిల్వల్లో సుమారు మూడింట రెండు వంతులు మొరాకోలోనూ, దాని ఆధీనంలో ఉన్న పశ్చిమ సహారాలోనూ ఉన్నాయి. మన దేశానికి కావలసినదానిలో ఎక్కువ భాగం ఓడల మీద వస్తుంది. ఒడిశాలోని పారాదీప్ లాంటి చోట్ల ఆ రాతి నుంచి ఒక టన్ను ఫాస్ఫారిక్ ఆమ్లం తీస్తే, సుమారు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం వ్యర్థంగా మిగులుతుంది.

ఇంత కష్టపడి తెచ్చిన భాస్వరాన్ని ఏం చేస్తున్నాం? తిన్నది మలమూత్రాలతో బయటికి పోతుంది, అందులో సగానికి పైగా మూత్రంలోనే ఉంటుంది. శుద్ధి చేయని మురుగును చెరువులో వదిలితే, ఆ బలంతో గుర్రపుడెక్క, నాచు అల్లుకుంటాయి. అవి కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. బెంగళూరు బెల్లందూరు చెరువులో మురుగు, సబ్బు కలిసి నురగ కట్టి రోడ్డెక్కింది. 2015లో ఆ నురగకు నిప్పు కూడా అంటుకుంది. పొలానికి చేరాల్సిన బలం చెరువుకు విషమైంది.

కాబట్టి వ్యర్థం నుంచి భాస్వరాన్ని తిరిగి తీయాలన్న మాటతో మాకు పేచీ లేదు. మురుగు బురద నుంచి దాన్ని తీసి తీరాలని స్విట్జర్లాండ్ 2016లో, జర్మనీ 2017లో నిబంధనలు తెచ్చాయి. బెంగళూరు పక్కనే దేవనహళ్లిలో 2015 నుంచి సెప్టిక్ ట్యాంకుల బురదను ఆరబెట్టి, తడిచెత్తతో కలిపి కంపోస్టు చేస్తున్నారు. ఇది మంచి పనే.

మా పేచీ లెక్క దగ్గర. ఎన్ని కిలోల భాస్వరం దక్కింది, ఎంత కరెంటు ఖర్చయింది, బురదలో కాడ్మియం ఎంత ఉంది అని లెక్కిస్తారు. ఇవన్నీ లెక్కించాల్సినవే. కానీ ఆ బురదను ట్యాంకు నుంచి పైకి తెచ్చినవారెవరు? ఈ అడ్డగీత దగ్గర లెక్క ఆగిపోతుంది. బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తరాల క్రితం వలస వచ్చినా, కులం అప్పగించిన పని వాళ్ల వెంటే వచ్చింది.

రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా విషవాయువుకు చావులు ఆగలేదు. ఒకడు పడిపోతే, కాపాడబోయిన రెండోవాడూ పడిపోతాడు.

"ముందు పర్యావరణం కాపాడుకుందాం, కులం సంగతి తర్వాత" అనేవారికి మా జవాబు ఇది. మనిషి ప్రాణం చవక కాబట్టే మీ ఎరువు చవకగా కనిపిస్తోంది. యంత్రం ఖర్చు, బీమా, నెల జీతం, వైద్యం కలిపి చూడండి, అసలు ధర తేలుతుంది. ఒక కులం ఊపిరితిత్తుల మీద నడిచే పనిని సుస్థిరం అనడం అబద్ధం.

"ఇంత అశుద్ధమైన మాట ప్రసంగపీఠం మీద ఎందుకు?" అనే విశ్వాసులూ ఉన్నారు. లూకా సువార్త 13వ అధ్యాయంలో, కాయని అంజూరపు చెట్టును నరకవద్దని అడిగినవాడు తోటమాలి. తానే చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ప్రభువు చెప్పిన ఉపమానంలో చెట్టు కోసం నోరు విప్పింది ఎరువు ముట్టే మనిషే. మన సంఘాల్లో ఆ మనిషికి ఏ వరుసలో కుర్చీ వేస్తున్నాం?

మేము అడిగేవి నాలుగు. ట్యాంకు ఖాళీ చేయడం యంత్రంతోనే జరగాలి, ఏ సాకుతోనూ మనిషి దిగకూడదు. పరిశ్రమల మురుగును ఇళ్ల మురుగులో కలపకూడదు, కలిస్తే భార లోహాలు ఎరువులోకి వస్తాయి. కంపోస్టులో రోగక్రిములు, పురుగుల గుడ్లు లేవని పరీక్షించాకే రైతుకు ఇవ్వాలి. ఆ కేంద్రాల్లో పర్మినెంటు ఉద్యోగాలు, ఎరువు అమ్మకంలో వాటా ఇప్పటిదాకా ఆ బురద మోసిన కుటుంబాలకే దక్కాలి. వాళ్ల పిల్లలు వేరే పని ఎంచుకుంటే అందుకూ దారి ఉండాలి.

యువతీ యువకులారా, ఈ వారమే మీ చర్చి ఆవరణలో, హాస్టల్లో, మీరుండే అపార్టుమెంటులో అడగండి: మన ట్యాంకు ఎవరు ఖాళీ చేస్తున్నారు, యంత్రమా, మనిషా? ఆ బురద ఎక్కడికి పోతోంది? మనిషి దిగుతున్నాడని తెలిస్తే ఆ పని అక్కడికక్కడే ఆపించండి. సృష్టిని కాపాడే పని అక్కడ మొదలవుతుంది.